ఒక్క రాత్రి కూర్చిన సంగీతము
(సత్యజిత్ రాయ్ – రవిశంకర్)

చలనచిత్రములో పాట వినబడినచో గాయకుని పేరును, కవి పేరును, సంగీత దర్శకుని పేరును తలచుకొనుట మనకు అలవాటు. కాని పాటయు లేక, మాటయు లేక, ఎక్కడనో ఒక తంత్రి మ్రోగి మన మనస్సును కలచివేసినపుడు ఆ ఘనత ఎవరిది? ఆ స్వరమును కల్పించినవానిదా? లేక ఆ స్వరమును సరిగా ఆ క్షణమున నిలిపినవానిదా? ఈ ప్రశ్నను విచారించుటకు భారతీయ చలనచిత్ర చరిత్రలో ఒక ప్రసిద్ధమైన సహవాసము కలదు. దర్శకుడు సత్యజిత్ రాయ్. సంగీతకర్త పండిత రవిశంకర్. వీరిరువురు కలిసి పనిచేసినవి నాలుగే కథాచిత్రములు: 1955లో 'పథేర్ పాంచాలి', 1956లో 'అపరాజితో', 1958లో 'పరశ్ పాథర్', 1959లో 'అపూర్ సంసార్'. ఐదేండ్లలో ముగిసిన ఈ సహవాసము కలహముతో ముగియలేదు, విసుగుతోను ముగియలేదు. మఱి ఎందులకు ముగిసినదో తెలిసికొనినచో, పై ప్రశ్నకు సగము సమాధానము లభించును.

రాయ్ 1921 మే 2వ తేదీన కలకత్తాలో జన్మించెను. తాతయగు ఉపేంద్రకిశోర్ బాలసాహిత్యమునకును ముద్రణకళకును పేరొందినవాడు, వయొలిన్ వాయించినవాడు, సంగీతమును గూర్చి వ్రాసినవాడు. తండ్రి సుకుమార్ రాయ్ వంగదేశపు బాలబాలికలకు నేటికిని ప్రియుడైన హాస్యకవి. ఇంట బ్రహ్మసమాజ గీతములును, రవీంద్రుని పాటలును వినబడుచుండెను. బాలునకు మాత్రము పాశ్చాత్య శాస్త్రీయ సంగీతముపై మక్కువ కలిగినది. బీథోవెన్, మోజార్ట్ మొదలగు వారి గ్రామఫోను రికార్డులను ఒక్కొక్కటిగా సేకరించి, స్వరలిపిని ముందుంచుకొని వినుట ఆయన వ్యసనమయ్యెను. ఒక భావము తలయెత్తుట, మఱొక భావముతో తలపడుట, కొంత తడవు మరుగుపడి రూపము మార్చుకొని తిరిగి వచ్చుట, ఈ నిర్మాణమే ఆయనను ఆకర్షించినది. చలనచిత్రమును సంగీతము వలెనే కాలమున నడచు కళగా ఆయన భావించెను. 1943 మొదలు ఆయన వృత్తి కలకత్తాలోని ఒక ఆంగ్ల ప్రకటనల సంస్థలో చిత్రకారుని కొలువు.

రవిశంకర్ జీవితము వేఱొక త్రోవను నడచినది. 1920 ఏప్రిల్ 7వ తేదీన కాశీలో వంగకుటుంబమున పుట్టి, పదియేండ్ల ప్రాయముననే అన్నయగు ఉదయశంకరుని నృత్యబృందముతో పారిస్ నగరము చేరెను. నర్తకుడుగా ఐరోపా, అమెరికా ఖండములను చూచెను. 1938లో ఆ వైభవమునంతయు విడిచి, మైహర్ సంస్థానమున అల్లాఉద్దీన్ ఖాన్ గురువుగారి పాదముల చెంత కూర్చుండెను. ఏడేండ్ల కఠోర సాధన పిమ్మట బొంబాయి చేరి ప్రజానాట్యమండలిలో పనిచేసెను. 1946లో వెలువడిన 'ధర్తీ కే లాల్', 'నీచా నగర్' అను చిత్రములకు సంగీతమును కూర్చెను. వీనిలో రెండవది ఆ యేడు కాన్ నగరపు చలనచిత్రోత్సవమున ఉత్తమ బహుమానమును పంచుకొనిన చిత్రములలో ఒకటి.

1949లో రవిశంకర్ ఢిల్లీ ఆకాశవాణిలో చేరెను. అచట రూపొందిన 'వాద్యవృంద' మను జాతీయ వాద్యబృందమునకు హిందూస్థానీ పక్షమున ఆయనయు, కర్ణాటక పక్షమున టి. కె. జయరామ అయ్యరును నాయకత్వము వహించిరి. తరువాతి కాలమున మన ద్రాక్షారామమున పుట్టిన వైణికుడు ఈమని శంకరశాస్త్రిగారును ఆ బృందమును నడపిరి. ఆయనయు మద్రాసులో జెమినీ స్టూడియో సంగీతశాఖలో పనిచేసి వచ్చినవారే యగుట గమనింపదగినది. ఈ వాద్యవృందపు పని ఏమి? రాత్రి యంతయు సాగదగిన రాగమును కొన్ని నిమిషములలో ఇముడ్చుట. ఒంటరిగా మనోధర్మమును అనుసరించు విద్వాంసులను పలువురను ఒక చోట చేర్చి, వ్రాసి యిచ్చిన ప్రకారము వాయింపజేయుట. ఎఱ్ఱదీపము వెలిగినపుడు ఆరంభింపవలెను, గడియారపు ముల్లు చూపినపుడు ముగింపవలెను. రేడియో వినువారికి ఈ నియమము సుపరిచితమే. ఏడేండ్లపాటు రవిశంకర్ ఈ నియమమునకు లోబడి పనిచేసెను. చలనచిత్రమున ఆయనకు ఎదురైనది ఇంతకంటెను కఠినమైన గడియారము.

వీరిరువురికి పరిచయము 'పథేర్ పాంచాలి' కంటె పూర్వమే కలదు. 1950 దశకపు తొలి సంవత్సరములలో రాయ్ రవిశంకరుని సితారు వాదనమును గూర్చి ఒక లఘుచిత్రము తీయ సంకల్పించి, దృశ్యము వెంట దృశ్యముగా బొమ్మలు వ్రాసియుంచెను. ఆ చిత్రము తీయబడలేదు. ఆ బొమ్మలు మాత్రము రాయ్ మరణించిన చాలకాలమునకు పుస్తకరూపమున వెలువడినవి. వినబడు రాగమునకు కనబడు రూపమేది యని రాయ్ ఎంత ముందుగా ఆలోచింపసాగెనో వానివలన తెలియును.

'పథేర్ పాంచాలి' విభూతిభూషణ్ బందోపాధ్యాయుని నవల. 1929లో పుస్తకముగా వచ్చినది. మద్దిపట్ల సూరిగారి అనువాదము మూలమున తెలుగు పాఠకులకును పరిచితమైనది. నిశ్చిందిపురమను పల్లెలో హరిహరుడను పేద పురోహితుడు, భార్య సర్వజయ, కూతురు దుర్గ, కొడుకు అపు, వృద్ధురాలగు ఇందిర. ఇదియే ఆ కుటుంబము. చిత్రీకరణము 1952 అక్టోబరులో ఆరంభమైనది. ధనము చాలక పలుమార్లు ఆగిపోయినది. రాయ్ తన జీవితబీమాపై ఋణము తెచ్చెను. భార్య నగలు తాకట్టుకు పోయినవి. తుదకు డాక్టర్ బి. సి. రాయ్ ముఖ్యమంత్రిగా నుండిన పశ్చిమ వంగ ప్రభుత్వము ధనసహాయము చేయగా చిత్రము పూర్తియయ్యెను. చిత్రము పేరునకు 'దారి పాట' అని అర్థము గాన, ఆ ధనము రహదారుల అభివృద్ధి పద్దు క్రింద చెల్లింపబడినది.

సంగీతము కొఱకు రాయ్ రవిశంకరును కోరెను. కాని ఆయన ఢిల్లీ ఉద్యోగి. దేశమంతట కచ్చేరీలు చేయుచుండిన విద్వాంసుడు. కలకత్తా వచ్చినపుడు దొరకునది ఒకటి రెండు దినములే. రాయ్ ఆయనను చూడబోయినపుడు, చిత్రమును ఇంకను చూడకయే, మనసులో మెదలిన ఒక వరుసను రవిశంకర్ కూనిరాగముగా వినిపించెను. ఆ వరుసలో పల్లెపదపు సారళ్యము కలదు. అయినను పల్లెపదము కాదు. రాగసంస్కారము కలదు; అయినను కచ్చేరీ రాగము కాదు. పేదరికమును జాలిగా చూచు దుఃఖము దానిలో లేదు. దారి వెంట నడచుచు తనలో తాను పాడుకొను బాలుని బెంగ వంటి దేదియో కలదు. తన చిత్రమునకు కావలసినది ఇదియే యని రాయ్ వెంటనే గ్రహించెను. చిత్రమంతట వెదురువేణువుపై మరలమరల వినబడు ప్రధాన నాదము ఈ విధముగా లభించినది.

అప్పటికి చిత్రము సగము వఱకే కూర్పు పొందియుండెను. ఆ భాగమును రవిశంకర్ చూచెను, చలించెను. చేతనున్నది ఒకే రాత్రి. సితారు, వేణువు, తార్ షెహనాయి, మృదంగాది వాద్యములు, ఇట్టి చిన్న బృందముతో సుమారు 11 గంటలసేపు, తెల్లవాఱుజాము వఱకును రికార్డింగు జరిగినది. ఏ దృశ్యమునకు ఎన్ని నిమిషములు కావలెనో రాయ్ చెప్పును. రవిశంకర్ అప్పటికప్పుడు కల్పించును. వాద్యకారులు వెంటనే వాయింతురు. ముందుగా వ్రాసికొనిన స్వరపత్రములు స్వల్పము. దృశ్యముతో పనిలేకుండ, ఫలానా రాగమున రెండు మూడు నిమిషములు వాయింపుమని రాయ్ కొన్నిటిని అడిగి తీసికొనెను. అవి ఎక్కడ ఎంతవఱకు ఉపయోగపడునో పిమ్మట నిర్ణయింపవచ్చునని ఆయన ఊహ. ఆ ముందుచూపే చిత్రమును కాపాడినది.

రవిశంకర్ వెడలిపోయిన తరువాత కొన్ని ఖాళీలు మిగిలినవి. వేణువు వాయించిన ఆలోక్ దే వంటి వారి సాయముతో రాయ్ వానిని పూరించెను. చిత్రగ్రాహకుడు సుబ్రత మిత్రకు సితారు వచ్చును. కెమేరా పట్టిన ఆ చేతులే కొన్ని చోట్ల సితారును మీటినవి. పేరుపొందిన విద్వాంసుని వాదనము ప్రక్కనే ఇట్టి అతుకులు పడినను చూచువారికి తెలియలేదు. చేనికి నీరు పెట్టువాడు ఏ కాలువనుండి ఎంత నీరు వచ్చెనో ఎఱుగును. పైరు మాత్రము దానిని చెప్పదు గదా!

ఆ రాత్రి పుట్టిన రాగములను మన కర్ణాటక పద్ధతిలో గుర్తింప యత్నించినచో తెలుగు శ్రోతలకు విషయము సుబోధమగును. వానకారుకు సంబంధించిన ఘట్టమునకు దేశ్ రాగము. ఉత్తరాదిని దేశ్ వర్షర్తువుతో ముడిపడిన రాగము. మనకును అదే పేరుతో పరిచితము. దుర్గ మరణానంతర ఘట్టమునకు సితారుపై తోడి. ఇది మన తోడి కాదు. స్వరములను బట్టి హిందూస్థానీ తోడి మన శుభపంతువరాళికి సమీపమైనది. ఆ రాగపు శోకము మనకు చెప్పనక్కఱలేదు. ఇక మూడవది పట్‌దీప్. స్వరస్థానములను బట్టి మన గౌరీమనోహరి మేళమునకు చెందదగినది; సాధారణ గాంధారముపై కాకలి నిషాదము మెఱయుట దాని లక్షణము. తారస్థాయిలో ఆ నిషాదము షడ్జమమునకై పరితపించునపుడు కలుగు ఆర్తి అసామాన్యమైనది. ఈ పట్‌దీప్ రాగపు ఖండికయే చిత్రమునకు గుండెకాయ యైనది.

ఘట్టము ఇది. పరదేశము పోయి నెలల తరువాత హరిహరుడు ఇంటికి తిరిగివచ్చును. తుపాను రాత్రి జ్వరముతో దుర్గ మరణించిన సంగతి ఆయన యెఱుగడు. తెచ్చిన వస్తువులను ఒక్కొక్కటిగా తీసి భార్యకు చూపును. తుదకు కూతురి కొఱకు తెచ్చిన చీరెను చేతికిచ్చును. అంతవఱకు శిలవలె నున్న సర్వజయ ఆ చీరెను ముఖమునకు అదుముకొని కూలిపోవును. నటి కరుణా బెనర్జీ ఆ చిత్రీకరణమున గొంతెత్తి యేడ్చినది. కూర్పు సమయమున రాయ్‌కు ఆ యేడుపు చాలలేదని తోచినది. లోపము నటిది కాదు. నిజమైన యేడుపు నిజమైన యేడుపుగానే వినబడును. అంతకంటె పెద్దది కావలసియుండెను. ఆయన ఆమె గొంతును పూర్తిగా తీసివేసి, ఆ స్థానమున దక్షిణామోహన్ ఠాకూర్ వాయించిన తార్ షెహనాయి పట్‌దీప్‌ను నిలిపెను.

తార్ షెహనాయి యనగా ఊదు వాద్యము కాదు. ఎస్రాజ్ వలె కమానుతో వాయించు తంత్రీవాద్యమునకు గ్రామఫోను కొమ్ము వంటి లోహపు కొమ్మును అమర్చినది. అందువలన తంత్రి ధ్వని సన్నాయి వలె, ఇంచుమించు మనిషి గొంతు వలె చీల్చుకొని వచ్చును. తెరపై తల్లి నోరు తెఱచును. వినబడునది తారస్థాయి రాగము. గొంతు ఆమెది కాదు, దుఃఖము ఆమెది. పెండ్లిపందిట వినవలసిన సన్నాయి వంటి నాదము, పెండ్లి కావలసిన బిడ్డ లేని యింట వినబడినది. కన్నకూతురిని తలచుకొని ఏ తల్లి యేడ్చినను ఆమె గొంతు వేఱు, మఱొక తల్లి గొంతు వేఱు. రాగము మాత్రము అందఱిదియు. అందువలననే బంగాళా భాష యెఱుగని వారును ఆ ఘట్టమున కన్నీరు పెట్టుకొనిరి.

ఇచట మొదటి ప్రశ్నకు మరల రావలెను. ఈ ఘనత ఎవరిది? తార్ షెహనాయి ఖండికను ఆ రాత్రి కల్పింపజేసినది రవిశంకరుని రాగజ్ఞానము. దానిని వాయించినవారి నేర్పు వేఱు. కాని గొంతును తీసివేసి రాగమును ఉంచుట దర్శకుని నిర్ణయము. ఆ ఖండిక రేడియోలో విడిగా వినబడినచో చక్కని పట్‌దీప్ అని మెచ్చుకొందుము. తెరపై ఆ చోటున వినబడినచో పట్‌దీప్ అను మాటయే మరచిపోవుదుము. సంగీతకర్త స్వరమును ఇచ్చెను. దర్శకుడు దానికి స్థానమును ఇచ్చెను.

స్థానమిచ్చుటయే కాదు, స్థానమియ్యకుండుటయు దర్శకుని విద్యయే. అక్కాతమ్ముళ్లు తెల్లని రెల్లుపూల నడుమ పరుగెత్తి, జీవితమున తొలిసారిగా రైలుబండిని చూచు ఘట్టము ఈ చిత్రమున మిక్కిలి ప్రసిద్ధము. సామాన్య దర్శకుడైనచో వాద్యములన్నిటిని అచట మ్రోగించియుండును. రాయ్ అచట ప్రధానముగా టెలిగ్రాఫు తీగల హోరును, స్తంభమునకు చెవి ఆనించిన పిల్లల విస్మయమును, పిదప బండి చప్పుడును వినిపించెను. అపుకు ఆ తీగల నాదమే సంగీతము. దానిపై వేఱొక సంగీతము పరచినచో బాలుని చెవి మనకు దక్కదు. ఎక్కడ సితారు ఊరకుండవలెనో తెలిసినందుననే, సితారు పలికిన చోట అది అంతగా పలికినది.

చిత్రము 1955 మే 3వ తేదీన న్యూయార్కు నగరపు ఆధునిక కళాప్రదర్శనశాలలో మొదట చూపబడినది. ఆగస్టు 26న కలకత్తాలో విడుదలయ్యెను. ఆ యేటి ఉత్తమ చిత్రముగా రాష్ట్రపతి స్వర్ణపతకమును పొందెను. 1956లో కాన్ నగరమున 'ఉత్తమ మానవ పత్రము' అను పురస్కారము లభించినది.

కీర్తి ఇరువురిని వరించినది. సమయము మాత్రము ఇరువురికిని దూరమైనది. రవిశంకర్ 1956 జనవరిలో ఆకాశవాణి కొలువును విడిచి, ఆ యేడే ఐరోపా, అమెరికా యాత్రలకు పూనుకొనెను. ఆ యేటనే 'అపరాజితో' పూర్తికావలసియుండెను. మొదటి చిత్రమున సమయము చాలకపోయినను రెండేండ్లు మనసులో నానిన ఊహలు రాయ్‌కు ఉండెను. రెండవ చిత్రమున ఆ తొందర స్పష్టముగా ఇబ్బంది పెట్టినది. కొన్ని చోట్ల కావలసినంత సంగీతము తనకు దక్కలేదని రాయ్ భావించెను. అయినను అందు మఱపురాని ఘట్టములు రెండు కలవు.

మొదటిది కాశీలో హరిహరుని మరణము. భర్త నోట గంగోదకము పోయగానే ప్రాణము పోవును; పావురములు గుంపుగా ఆకాశమునకు లేచును; అచట జోగ్ రాగము వినబడును. జోగ్ రెండు గాంధారముల రాగము. ఆరోహణమున వెలుగును, అవరోహణమున నీడను చూపునట్లుండును. రెండవది అంతకంటెను సూక్ష్మము. భర్తను కోల్పోయిన సర్వజయ కొడుకుతో రైలులో స్వదేశమునకు మరలుచుండును. కిటికీ వెలుపల పొడినేల మాఱి వంగదేశపు పచ్చదనము కనబడసాగును. అపుడు 'పథేర్ పాంచాలి' నాటి వేణునాదము వినబడును. ఎవరును ఏమియు మాటలాడరు. కాని దుర్గ, నిశ్చిందిపురము, పాత యిల్లు, అన్నియు ఆ కొన్ని స్వరములతో తిరిగివచ్చును. బీథోవెన్ రికార్డులు వినిన బాలుడు నేర్చుకొనినది ఇదియే: వెళ్లిన భావము తగిన చోట మరల వచ్చినచో దాని బరువు పదింతలగును. స్వరము రవిశంకరునిది; స్మృతి రాయ్‌ది. 'అపరాజితో' 1957లో వెనిస్ నగరమున స్వర్ణసింహ పురస్కారమును గెలుచుకొనెను.

'పరశ్ పాథర్' ఒక గుమాస్తాకు స్పర్శవేది దొరకిన హాస్యకథ. 'అపూర్ సంసార్' త్రయమున చివరిది. సౌమిత్ర చటర్జీ, షర్మిలా ఠాగూర్ చలనచిత్రరంగమున ప్రవేశించినది ఈ చిత్రముతోనే. సంగీతమున ఈ కడపటి చిత్రమే త్రయములోకెల్ల నిండైనది. పల్లెవేణువు వెనుకకు తగ్గి, పట్టణపు మిద్దెపై కాపురము పెట్టిన యువదంపతుల అనురాగమునకు తగిన సుకుమార నాదములు ముందుకు వచ్చినవి. వాద్యవృందపు అనుభవము ఇచట కానవచ్చును. భార్యను కోల్పోయిన అపు తన నవల వ్రాతప్రతిని కొండపైనుండి గాలికి విడుచు ఘట్టమున మాటలు లేవు. ఒక మనిషి తన యౌవనమును విడిచిపెట్టుటను మాట లేకుండ చెప్పవలసివచ్చినపుడు దర్శకుడు ఎంత ధైర్యముతో స్వరమును నమ్మెనో అచట చూడవచ్చును.

ఇంత సమన్వయము కుదిరిన తరువాత వీరు కథాచిత్రము కొఱకు మరల కలియలేదు. రాయ్ ఇతర విద్వాంసులను గూడ ఆశ్రయించెను. 1958లో 'జల్‌సాఘర్' చిత్రమునకు విలాయత్ ఖాన్, 1960లో 'దేవి'కి అలీ అక్బర్ ఖాన్ సంగీతమిచ్చిరి. మువ్వురును మహావిద్వాంసులే. చిక్కు వారి విద్యలో లేదు. కాలములో కలదు. రాగమునకు కావలసిన కాలము వేఱు, దృశ్యమునకు ఉన్న కాలము వేఱు. విద్వాంసుడు ఒక స్వరమును ఆశ్రయించి అది ఎటు పిలిచిన అటు పోవును. అదియే ఆయన ధర్మము. దర్శకునకు నలుబది సెకండ్లకు తలుపు తెఱచుకొనును. ఆ తలుపు రాగము ముగియువఱకు ఆగదు.

రెండవ చిక్కు అర్థమునకు సంబంధించినది. 'జల్‌సాఘర్' కథలో జమీందారు పతనమును రాయ్ కొంత వ్యంగ్యముతో చూచెను. సంగీతసభలను పోషించిన అట్టి ప్రభువులపై విలాయత్ ఖాన్ వంటి విద్వత్కుటుంబీకునకు సహజమైన ప్రీతి కలదు. సంగీతమున ఆ ప్రీతియే పలికినది. తానే కూర్చియుండినచో వేఱొక విధముగా ఉండెడిదని రాయ్ తరువాత చెప్పెను. సంగీతకర్తకు కథపై స్వంత అభిప్రాయము ఉండుట తప్పు కాదు. కాని చిత్రమున రెండు అభిప్రాయములు ఒకేసారి వినబడినచో ప్రేక్షకుడు తికమకపడును.

మూడవది మర్యాదకు సంబంధించినది. రాయ్‌కు స్వంత సంగీతపుటూహలు నానాటికి పెరుగుచుండెను. ఇచట ఇది కాదు, అది యని మహావిద్వాంసునకు పదేపదే చెప్పుట ఎవరికి శోభ? ఎంత సహృదయుడైనను మార్గదర్శనము హద్దు మీఱినచో విద్వాంసునకు నొప్పి కలుగక మానదని రాయ్ గ్రహించెను. కావున 1961లో 'తీన్ కన్య'తో ఆరంభించి, 1991 నాటి తుది చిత్రము 'ఆగంతుక్' వఱకును తన కథాచిత్రములన్నిటికి తానే సంగీతమును కూర్చుకొనెను. 1964 నాటి 'చారులత', 1969 నాటి 'గూపీ గాయెన్ బాఘా బాయెన్' చూచినవారికి ఆయన ఎంత సమర్థుడైన సంగీతకర్తయో తెలియును.

అయినను ఒక మాట న్యాయముగా చెప్పవలెను. రాయ్ స్వయముగా కూర్చిన సంగీతము దృశ్యమునకు కుట్టిన వస్త్రమువలె సరిపోవును. ఎక్కడను ఒక అంగుళము ఎక్కువ లేదు, తక్కువ లేదు. కాని పట్‌దీప్ ఘట్టమున కలిగిన ఆ ఉత్పాతము అట్టి సరిపోలికవలన కలుగునది కాదు. మైహర్‌లో ఏడేండ్లు గురువు ముందు కూర్చుండిన సాధన, దృశ్యమును లెక్కచేయని రాగపు స్వంతబలము, వెలుపలినుండి వచ్చి చిత్రముపై విఱుచుకుపడవలెను. దానిని పట్టి నిలుపుటకు సమర్థుడైన దర్శకుడు ఉండవలెను. ఒకరు మఱొకరికి పూర్తిగా లొంగినచో అది సహవాసము కాదు, సేవ యగును. రవిశంకర్ లొంగలేదు, రాయ్ విడువలేదు. ఆ పెనుగులాటనుండియే ఆ సంగీతము పుట్టినది. సమయము లేకపోవుటయే మొదటి చిత్రమున వారిని ఒక్క రాత్రిలో ఏకము చేసినది. సమయము లేకపోవుటయే తుదకు వారిని వేఱు త్రోవల నడపినది.

రవిశంకర్ ఆ తరువాత చలనచిత్రములను పూర్తిగా విడువలేదు. తపన్ సిన్హా తీసిన 'కాబూలీవాలా' సంగీతమునకు 1957లో బెర్లిన్ నగరమున గౌరవము లభించినది. హిందీలో 1960 నాటి 'అనూరాధ', 1963 నాటి 'గోదాన్', ఆంగ్లమున 1982 నాటి 'గాంధీ' ఆయన ప్రసిద్ధ రచనలు. రాయ్ 1992 ఏప్రిల్ 23న కలకత్తాలో కన్నుమూసెను. మిత్రుని స్మృతికి అంకితముగా రవిశంకర్ సంగీతమును రచించెను. 2012 డిసెంబరు 11న ఆయనయు అమెరికాలో మరణించెను.

అపు చిత్రత్రయము కూడ ఒకమారు మరణించి పుట్టినది. 1993లో లండన్ నగరమున ఒక ప్రయోగశాలలో జరిగిన అగ్నిప్రమాదమున దాని మూల నెగటివులు కాలినవి. మిగిలిన భాగములను, ఇతర ప్రతులను చేర్చి, ఇటలీలోని బొలోనా నగరపు నిపుణులు ఎంతయో శ్రమించి చక్కజేయగా, 2015లో మూడు చిత్రములును నూతన కాంతితో మరల లోకమునకు వచ్చినవి. ఆ వెదురువేణువు నేటికిని వినబడుచున్నది.

రేడియో వినువారికి ఒక సౌకర్యము కలదు. చూడకుండ వినుట వారికి అలవాటు. ఈ చిత్రములను చూచు అవకాశము కలిగినపుడు, ఒకమారు కన్నులు మూసికొని కేవలము వినుడు. సితారు, వేణువు, తీగల హోరు, వాన చప్పుడు, వాని నడుమ దీర్ఘమైన మౌనము వినబడును. పిమ్మట కన్నులు తెఱచి చూచుచు వినుడు. సర్వజయ నోరు తెఱచిన క్షణమున ఏది రవిశంకరునిదో, ఏది రాయ్‌దో విడదీయ యత్నింపుడు. విడదీయలేకపోయినచో ఆ ఇరువురి పనియు నెరవేరినట్లే.